పంచాంగం ప్రోగ్రామ్‌కి ఇంట్లోనే టెస్ట్ రన్నర్: మూడో వారం

మూలన పడున్న పాత ల్యాప్‌టాప్‌కి ఎట్టకేలకు పని దొరికింది. 8 జీబీ ర్యామ్, డెబియన్ లినక్స్, డాకర్ (ప్రోగ్రామ్‌ని కంటైనర్ అనే విడి డబ్బాలో నడిపేది), గిట్‌ల్యాబ్ రన్నర్ (గిట్‌ల్యాబ్‌లో కోడ్ మారితే చెప్పిన పనుల్ని, అంటే జాబ్‌లని, నడిపేది). సరదాకి రాసుకుంటున్న పంచాంగం ప్రోగ్రామ్‌లో ఏ మార్పు పుష్ చేసినా (గిట్‌ల్యాబ్‌కి పంపినా) కొత్త కంటైనర్ లేపి, టెస్టులు నడిపి, దాన్ని తీసేస్తుంది.

మొదటి వారమంతా ఇమేజ్ (కంటైనర్‌ని తయారుచేసే అచ్చు) గోలే. సైజు తక్కువ కదా అని ఆల్పైన్ లినక్స్ తీసుకున్నా. అందులో డెబియన్ లాంటి వాటిలో ఉండే సీ లైబ్రరీ గ్లిబ్‌సీ ఉండదు, దాని బదులు మజిల్ ఉంటుంది. గ్రహాల లెక్కలకి వాడే లైబ్రరీకి మజిల్‌కి సరిపడే రెడీమేడ్ వీల్ (ముందే కంపైల్ చేసిన పైథాన్ ప్యాకేజీ) దొరకలేదు. ప్రతి రన్‌లోనూ జీసీసీ కంపైలర్ వేసి కంపైల్ చేయాల్సి వచ్చింది. గ్లిబ్‌సీ ఉన్న పైథాన్ 3.12 స్లిమ్ ఇమేజ్‌కి మారాక ఆ తంటా తీరింది.

రెండో వారం పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌ని సర్వీస్‌గా పెడితే కనెక్షన్ రిఫ్యూజ్డ్. డేటాబేస్ పక్క కంటైనర్‌లో ఉంటే నా టెస్టులు లోకల్‌హోస్ట్‌లో, అంటే తమ కంటైనర్‌లోనే, వెతుకుతున్నాయి! హోస్ట్ పేరు పోస్ట్‌గ్రెస్ అని మార్చగానే కలిసింది.

రన్నర్ కాన్ఫిగ్‌లో కంకరెంట్ 2 చేశా (ఒకేసారి రెండు జాబ్‌లు). పుల్ పాలసీని 'ఇఫ్ నాట్ ప్రెజెంట్' (ఇమేజ్ ల్యాప్‌టాప్‌లో లేకపోతేనే దింపుకో) చేశా కాబట్టి ఇమేజ్ పాతబడకుండా అప్పుడప్పుడు చేత్తో పుల్ చేసుకోవాలి. డాకర్ సాకెట్‌ని (డాకర్‌కి ఆదేశాలు పంపే దారి) మాత్రం జాబ్‌లోకి ఇవ్వలేదు. ఇస్తే ఇంటి తాళాలు చేతిలో పెట్టినట్టే.

అసలు కథ ఈ వారానిది. మొన్న రాత్రి 1:10కి పుష్ చేస్తే ఒక టెస్టు ఎర్రబడింది (ఫెయిల్): రావాల్సింది దశమి, వచ్చింది నవమి. పొద్దున తొమ్మిదింటికి ఏమీ మార్చకుండా అదే జాబ్ మళ్లీ నొక్కితే పచ్చ! తల పట్టుకున్నా. టెస్టులో తేదీని ఇండియా టైమ్‌లో తీసుకున్నా, కోడ్‌లో మాత్రం టైమ్‌జోన్ చెప్పకుండా 'ఈరోజు' అని అడిగా. నా మెషీన్‌లో రెండూ ఒకటే. కంటైనర్ మాత్రం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంటుంది, మనకంటే 5:30 గంటలు వెనక. అంటే అర్ధరాత్రి నుంచి 5:30 దాకా దానికి ఇంకా నిన్నే.

జాబ్‌లో టీజెడ్ (టైమ్‌జోన్) వేరియబుల్ పెడితే పచ్చబడేదే, కానీ తప్పు కోడ్‌లోనే ఉండిపోయేది. కోడ్‌లోనే ఏషియా/కోల్‌కతా అని రాసి, రాత్రి 1:10కి గడియారం ఆపి ఇంకో టెస్టు పెట్టా.

నాన్నకి చెప్తే నవ్వారు. "రోజు మొదలయ్యేది సూర్యోదయానికి కదరా, రాత్రి ఒంటిగంటకి నవమి అన్న కంటైనరే కరెక్టు." నిజమే మరి. ఇప్పుడు కేలెండర్ తేదీకి ఒక ఫంక్షన్, సూర్యోదయం లెక్కకి ఇంకోటి విడదీస్తున్నా. ప్రస్తుతానికి నాలుగు టెస్టులు ఎర్రగానే ఉన్నాయి.