నిలబడు తల్లీ, చాలు

నా ఎడమ కాలి చెప్పు ఎక్కడ జారిపోయిందో నాకు తెలియనే లేదు. కరాటే క్లాసు నుంచి సైకిల్ తోసుకుంటూ ఇంటికొచ్చాను. గుమ్మంలో అమ్మ చూసి, "రెండో చెప్పేదే?" అంది. దారంతా కంకర. అయినా అరికాలికి ఒక్క రాయి కూడా తగిలినట్టు అనిపించలేదు.

అది 2022 ఆగస్టు. రాజమండ్రిలో ఇంటర్ సెకండియర్ చదువుతున్నాను. పదో ఏట నుంచి షోటోకాన్ కరాటే, అప్పటికి బ్రౌన్ బెల్టు. కుమితే, అంటే ఇద్దరు ఎదురెదురుగా తలపడే పోటీ, నాకు ప్రాణం. ఎదురుగా ఒక మనిషి ఉండాలి, పాయింట్లు రావాలి, పతకం రావాలి. మాస్టారు కిబాదాచిలో, అంటే గుర్రం మీద కూర్చున్నట్టు మోకాళ్లు వంచి ఐదు నిమిషాలు నిలబెడితే, ఊరికే నిలబడితే ఏం వస్తుందని లోపల సణుక్కునేదాన్ని.

దానికి రెండు వారాల ముందు మూడు రోజులు విరేచనాలయ్యాయి. తగ్గాయి, మర్చిపోయాం. తర్వాత కాళ్లలో తిమ్మిర్లు. మొదట చూసిన డాక్టరు నీరసమని బీకాంప్లెక్స్ రాశారు. రెండు రోజుల్లో మెట్లెక్కలేకపోయాను. మూడో రోజు బాత్రూంలో కూర్చున్నదాన్ని లేవలేకపోతే నాన్న ఎత్తుకుని ఆటోలో కూర్చోబెట్టారు, పదిహేడేళ్ల పిల్లని.

కాకినాడలో నరాల డాక్టరు చిన్న సుత్తితో మోకాలి కింద కొట్టారు. కాలు కదల్లేదు. మళ్లీ కొట్టారు. ఎవరి కాలినో కొడుతుంటే పక్కన కూర్చుని చూస్తున్నట్టుంది. వెన్నులోంచి నీరు తీసి పరీక్ష చేశాక జబ్బు పేరు చెప్పారు: గులియన్ బారీ సిండ్రోమ్, జీబీఎస్. 2025లో పుణెలో ఒక్కసారిగా కేసులు పెరిగాక ఈ పేరు చాలామంది విన్నారు గానీ, అప్పుడు మా ఇంట్లో ఎవరికీ నోరు తిరగలేదు. క్రిముల మీదికి వెళ్లాల్సిన మన రక్షణ వ్యవస్థ పొరపాటున మన నరాల మీదే పడుతుంది. కరెంటు తీగ తొడుగులాంటి పొర దెబ్బతింటే మెదడు చెప్పిన మాట కండరానికి చేరదు. ఎక్కువగా పాదాల దగ్గర మొదలై పైకి పాకుతుంది. ఛాతీ దాకా వస్తే ఊపిరికే కష్టం. అందుకే ఐసీయూలో పెట్టారు.

మందు ఇమ్యునోగ్లోబ్యులిన్. కిలో బరువుకు రోజుకు 0.4 గ్రాములు. నేను 50 కిలోలు. ఐదు గ్రాముల సీసాలు రోజుకు నాలుగు, ఐదు రోజులు, మొత్తం ఇరవై. అమ్మ గాజులు తాకట్టుకు వెళ్లాయని ఆమె బోసి చేతులు చూశాకే తెలిసింది.

కొన్ని గంటలకోసారి సిస్టర్ వచ్చి, "గట్టిగా పీల్చుకుని ఆ ఒక్క ఊపిరిలో ఎన్ని అంకెలు చెప్పగలవో చెప్పమ్మా" అనేది. మొదటి రోజు 28. మర్నాడు 19. అంకె పడిపోతుంటే టెన్షన్‌తో నాలుక తడబడేది. ఆ రాత్రి కళ్లు మూసుకుని, క్లాసులో లాగా జపనీస్ అంకెల్లో "ఇచి, ని, సాన్, షి, గో" అని మొదలుపెట్టాను. సిస్టర్ ఏమీ అడగలేదు, తన వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. 16 దగ్గర ఆగాను. అంతకన్నా కిందికి దిగలేదు, వెంటిలేటర్ అవసరం రాలేదు. నన్ను కాపాడింది మందూ, ఆ సిస్టర్లూ, డాక్టర్లే. కానీ ఆ రాత్రి పట్టుకోవడానికి నాకంటూ ఉన్నది ఆ లెక్క ఒక్కటే.

ఇంటికొచ్చాక అసలు కష్టం మొదలైంది. ఎడమ పాదం వేలాడిపోయేది, ప్లాస్టిక్ స్ప్లింట్ పెట్టారు. అలసట రాకముందే ఆపేయాలని ఫిజియో సార్ గట్టిగా చెప్పారు. నేను వింటేనా! అమ్మ గుడికెళ్లిన గంటలో మంచం పట్టుకుని నలభైసార్లు కూర్చుని లేచాను. తర్వాత రెండు రోజులు కాలు పైకి ఎత్తలేకపోయాను. దిండులో మొహం పెట్టుకుని ఏడ్చాను.

ఆ ఆదివారమే మాస్టారు వచ్చారు. అంతా విని, నా బ్రౌన్ బెల్టు తెప్పించారు. అమ్మ దాన్ని నైటీ మీద నడుముకు కట్టింది. నాన్న వెనక నుంచి ముడి పట్టుకున్నారు. మాస్టారు ఎదురుగా నిలబడి, "తన్నద్దు, నడవద్దు. నిలబడు తల్లీ, చాలు" అన్నారు. పదికి లెక్కపెట్టి, నా పిక్కలు వణకడం మొదలవగానే "యామే" అన్నారు. ఆపమని. ఇంకా చేయగలనన్నాను. "తెలుసు. అందుకే ఆపుతున్నా" అన్నారు.

అలా ఎనిమిది నెలలు. పది అంకెలు ముప్పై అయ్యాయి, ముప్పై రెండు నిమిషాలయ్యాయి. బరువు మడమ మీద ఉందో వేళ్ల మీద ఉందో అన్నాళ్లూ నాకు తెలియదు. ఇప్పుడు కళ్లు మూసుకున్నా తెలుస్తుంది.

క్లాసుకు తిరిగి వెళ్లిన రోజు చివరి వరుసలో తెల్ల బెల్టు పిల్లల పక్కన నిలబడ్డాను. ఎవరూ నిలబడమనలేదు, అక్కడే నిలబడాలనిపించింది. హెయాన్ షోదాన్ మొదలుపెట్టారు. మేం మొట్టమొదట నేర్చుకునే కటా అది, అంటే ఒంటరిగా వరుసగా చేసే కదలికల కూర్పు, 21 కదలికలు. తొమ్మిదో దాని దగ్గర కియాయ్ అరవాలి, వెంటనే కుడి కాలి మీద ముప్పావు చుట్టు తిరిగి ఎడమ పాదం వేయాలి. అరిచాను. తిరిగాను. ఎడమ బొటనవేలు నేలకు రాసుకుని శబ్దమైంది. ఇప్పటికీ అక్కడ రాసుకుంటుంది.

పడలేదు. మిగతా పన్నెండూ పూర్తిచేసి గోడ వైపు చూశాను. నాన్న నిలబడి ఉన్నారు. ఆయన కుడి చేయి ఇంకా నా బెల్టు ముడి పట్టుకున్నట్టే పిడికిలి బిగించి ఉంది.