రంగు వేస్తే చాలనుకున్నాను

మా నడకబాట మీదకు ఒక పాత ఇనుప వంతెనను తెచ్చే బాధ్యత నా నెత్తిన పడినప్పుడు, తుప్పు గోకి రెండు పూతల రంగు వేస్తే సరిపోతుందనుకున్నాను. బరువు బండ్లను మోసిన వంతెనకు నడిచే మనుషులొక లెక్కా! ఆ ధీమా మొదటి రోజే పోయింది. భుజాలు రాసుకుంటూ జనం నిలబడితే చదరపు మీటరుకు 400 కిలోలకు పైగా బరువు పడుతుందని లెక్క వేయాలన్నారు ఇంజినీరు.

రంగు సంగతి ఇంకా చేదు. పాత పూతల్లో సీసం ఉంది. ఆరుబయట గోకితే ఆ పొడి అటు నీళ్లలోకి, ఇటు మన ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందుకే ప్రతి ముక్కకూ అంకె పొడిచి, వంతెనను విప్పి షెడ్డుకు చేర్చాం.

తుప్పు తినేసిన చోట్ల వెల్డింగ్ చేయిద్దామన్నాను. పలకలను కలిపి బిగించే ఇనుప మేకుల్లాంటి రివెట్ల పనిలో తలపండిన పెద్దాయన మాట్లాడకుండా, పనికిరాని ముక్క ఒకటి తీసి, గాటు పెట్టి, సమ్మెటతో వంచారు. పచ్చి కొమ్మ విరిచినట్టు పీచుపీచుగా చీలింది. “చూశారా, ఇది చేత ఇనుమండీ. లోపలంతా చిట్టెం, అదే ఇనుము తీసేటప్పుడు మిగిలే మడ్డి, పోగులు పోగులుగా ఉంటుంది. వెల్డింగ్ పెడితే పొరలు విడిపోవచ్చు” అన్నారు. ఇక రివెట్లే దిక్కయ్యాయి. కొలిమిలో నారింజ రంగుకు వచ్చిన రివెట్‌ను ఒకరు పట్టకారుతో అందిస్తే, ఇంకొకరు రంధ్రంలో దూర్చి వెనక నుంచి అదిమిపట్టాలి. అది నల్లబడేలోగా ఇవతలి కొసను కొట్టి తలగా మలచాలి. చల్లారుతూ కుంచించుకుని పలకలను తనే బిగిస్తుంది. నేను కొట్టిన మొదటి మూడింటినీ ఆయన కోసి పారేశారు. న్యాయమే.

కింది కడ్డీల చివర సీలలు దూరే కన్నుల దగ్గర మాత్రం ఎవరూ తొందరపడలేదు. 1967లో అమెరికాలో ఒహాయో నది మీది సిల్వర్ బ్రిడ్జి కూలి 46 మంది చనిపోయింది అలాంటి కన్ను ఒక్కటి పగలడం వల్లే. కంటికి ఆనని పగుళ్ల కోసం ఎర్ర ద్రవం పూసి, తుడిచి, తెల్ల పొడి చల్లి చూశాం. రెండు కడ్డీల కన్నుల్లో వెంట్రుకవాసి ఎర్రగీతలు తేలాయి. రెండింటినీ మార్చాం.

విప్పడానికి ముందు నన్ను బాగా వేధించింది ఒడ్డున రాతికట్టులోని పగులు. కారణం ఆ చివర ఉన్న రోలర్లే. ఎండకు వంతెన సాగితే అవి దొర్లాలి. తుప్పుతో బిగుసుకుపోవడంతో ఆ తోపంతా రాయి మీద పడింది. కొత్త రోలర్లు వేసి, వంతెనను తిరిగి నిలబెట్టిన మర్నాడు తెల్లవారుజామున వాటి పక్కన సుద్దముక్కతో గీత గీశాను. 30 మీటర్ల ఇనుము 20 డిగ్రీల తేడాకు 7 మిల్లీమీటర్లు సాగాలి. మధ్యాహ్నం స్కేలు పట్టుకుని వెళ్లి చూస్తే, గీత 6 మిల్లీమీటర్లు దాటి ఉంది. పెద్దాయనను కేకేసి పిలిచాను.