స్టాన్‌ఫర్డ్ జామాయిల్ తోపులో పౌవౌ

ఏటా మే నెలలో, మాతృ దినోత్సవం వచ్చే వారాంతాన, కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో అమెరికా మూలవాసులు కలిసి ఆడిపాడే పౌవౌ జరుగుతుంది. 1971లో అక్కడి మూలవాసీ విద్యార్థులు మొదలుపెట్టిన ఈ ఉత్సవాన్ని ఇప్పటికీ విద్యార్థులే నడుపుతున్నారు. సన్నీవేల్‌లో ఉంటున్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు, శనివారం ఇద్దరం కాల్‌ట్రెయిన్ ఎక్కి పాలో ఆల్టోలో దిగి నడిచి వెళ్లాం. దారి ఎవరినీ అడగనక్కర లేకపోయింది, దూరం నుంచే డోలు మోత వినిపిస్తూ ఉంది.

ఉత్సవం జరిగేది యూకలిప్టస్ తోపులో. మా ఖమ్మం వైపు వీటిని జామాయిల్ చెట్లంటాం. ఎక్కడో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన చెట్ల కింద, ఈ ఖండపు తొలి మనుషులు అతిథులను పిలిచి పండుగ చేసుకోవడం చూస్తే కాస్త చిత్రంగానే అనిపించింది.

మధ్యాహ్నం గ్రాండ్ ఎంట్రీ మొదలైంది. "నాన్నా, లే, టోపీ తియ్యి" అని మా అమ్మాయి తొందరపెట్టేసరికి చుట్టూ అందరూ లేచి నిలబడి ఉన్నారు. గద్ద ఈకలు కట్టిన దండం ముందు నడవగా, జెండాలు పట్టుకున్న మాజీ సైనికులు, వారి వెనుక పెద్దలు, ఆ తర్వాత రకరకాల నృత్యాల వారు, చివరికి నడక సరిగా రాని పిల్లలు కూడా వలయంలోకి వచ్చారు. ఏ సైన్యం చేతిలో తమ పూర్వికులు భూములు పోగొట్టుకున్నారో ఆ సైన్యంలోనే పనిచేసిన వారిని ఇలా ముందు నడిపించడం ఏమిటా అని మొదట అనుకున్నాను. వ్యాఖ్యాత మాటలు వింటూ ఉంటే, అక్కడ గౌరవం దక్కేది ప్రభుత్వానికి కాదనీ, తన వాళ్ల కోసం నిలబడిన మనిషికనీ తెలిసింది.

నాకు అన్నింటికన్నా నచ్చింది జింగిల్ డ్రెస్ నృత్యం. గౌను నిండా వరసలు వరసలుగా కుట్టిన సన్నని లోహపు గొట్టాలు అడుగు అడుగుకూ ఒకదానికొకటి తగిలి, రేకుల మీద వాన పడ్డట్టు మోగుతాయి. 1918 ప్రాంతంలో ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి ప్రబలిన కాలంలో, జబ్బుపడిన ఒక బాలిక కోసం ఆమె ఇంటి పెద్దకు కలలో కనబడిన నృత్యం ఇదని ఓజిబ్వే జాతివారు చెప్పుకుంటారు. ఆ గొట్టాలను తొలినాళ్లలో పొగాకు పొడి డబ్బాల మూతలను చుట్టి చేసేవారట. మా పక్కనే ఒక ముసలామె, పోటీ నంబరు తగిలించుకున్న మనవరాలిని నిలబెట్టి, వదులైన గొట్టాన్ని చిన్న పట్టకారుతో నొక్కి రిబ్బనుకు బిగించింది. ఆ పిల్ల ఒకసారి ఎగిరి చూసుకుని, మోత సరిగానే ఉందని తల ఊపి పరుగెత్తింది.

ఈ ఆటపాటలను వినోదంగా మాత్రమే చూడలేకపోవడానికి కారణం ఉంది. 1883లో అమెరికా ప్రభుత్వం తెచ్చిన నిబంధనల ప్రకారం మూలవాసుల సంప్రదాయ నృత్యాలు శిక్షార్హమైన నేరాలు. వారి మతాచారాలకు చట్టం హామీ ఇచ్చింది 1978లో. స్టాన్‌ఫర్డ్ సంగతే తీసుకుంటే, 1930 నుంచి దాని క్రీడాజట్ల చిహ్నం 'ఇండియన్'. ఫుట్‌బాల్ ఆటల్లో ప్రిన్స్ లైట్‌ఫుట్ అనే పేరుతో ఈకల కిరీటం పెట్టుకుని నృత్యం చేసిన టిమ్ విలియమ్స్ స్వయంగా యూరోక్ అనే మూలవాసీ జాతివాడే కాబట్టి ఆ చిహ్నం మీది వివాదం అంత తేలికైనది కాదు. అయినా తమను బొమ్మగా వాడుకోవద్దని మూలవాసీ విద్యార్థులు పట్టుబట్టగా, 1972లో విశ్వవిద్యాలయం ఆ చిహ్నాన్ని తొలగించింది. అంటే పౌవౌ మొదలైన మరుసటి ఏడే బొమ్మ పోయింది. తమను ఇతరులు ఆడించడం ఆగిపోయిన చోటనే తమ ఆట తాము ఆడుకుంటున్నారు.

ఆ తేడా మైకులో వినబడే ప్రతి సూచనలోనూ తెలుస్తుంది. ఈ పాటకు ఫోటోలు తీయవద్దు అంటే వందల ఫోన్లు కిందికి దిగాయి. ఇప్పుడు అందరూ రావచ్చు అన్నాక మాత్రమే మాలాంటి వాళ్లం వలయంలో అడుగుపెట్టాం. మన దగ్గర సర్కారు సభల్లో మంత్రిగారు వచ్చేదాకా ఆదిలాబాద్ గోండుల గుస్సాడీ నృత్య కళాకారులను నెమలి ఈకల టోపీలతో ఎండలో నిలబెట్టడం చూసినవాణ్ణి; దండారీ పండుగకు తమ గూడెంలో వాళ్లు ఎంత దర్పంగా ఆడతారో తెలిసినవాణ్ణి కూడా. ఇక్కడ విశ్వవిద్యాలయం స్థలం మాత్రమే ఇచ్చింది, మర్యాదలు నిర్ణయించేది ఆడేవారే.

దుకాణాల వరసలో ఫ్రై బ్రెడ్ కోసం పెద్ద క్యూ ఉంది. నూనెలో పొంగిన ఆ రొట్టె మీద తేనె పోసుకుని తిన్నాం. 1860లలో నవాహో జాతివారిని సొంత నేల నుంచి వెళ్లగొట్టి నిర్బంధించినప్పుడు రేషనుగా ఇచ్చిన పిండి, కొవ్వుల నుంచి పుట్టిన తిండి ఇదని మా అమ్మాయి చెప్పింది. కొందరు యువతులు నోటి మీద ఎర్రని అరచేతి గుర్తు వేసుకుని తిరుగుతున్నారు. కనబడకుండా పోయిన, హత్యకు గురైన మూలవాసీ స్త్రీల కోసం చేసే నిరసన అది. ఈ క్యాంపస్ ఉన్న నేల మువెక్మా ఓలోనీ అనే మూలవాసీ జాతివారిది. వారికి సమాఖ్య ప్రభుత్వ గుర్తింపు కోసం ఏళ్ల తరబడి పోరాటం సాగుతూనే ఉంది. వారి పూర్వికుల అవశేషాలను తిరిగి అప్పగించేందుకు 1989లో స్టాన్‌ఫర్డ్ ఒప్పుకోవడం మాత్రం చిన్న విషయం కాదు.

సాయంత్రం క్యాంపస్ లోపలికి నడిచాం. మెమోరియల్ చర్చి, హూవర్ టవర్ అందరూ చూసేవే కనుక వాటి గురించి రాయను. 1994లో పాపువా న్యూ గినీలోని సెపిక్ నదీ ప్రాంతం నుంచి వచ్చిన శిల్పులు ఇక్కడే ఉండి చెక్కిన స్తంభాల తోట మాత్రం తప్పక చూడవలసింది. ప్రధాన వీధికి కాలిఫోర్నియా మిషన్ల స్థాపకుడు హునిపెరో సెర్రా పేరు ఉండేది. మూలవాసులకు ఆ మిషన్లలో జరిగిన హానిని లెక్కలోకి తీసుకుని దానిని విశ్వవిద్యాలయ స్థాపకుల్లో ఒకరైన జేన్ స్టాన్‌ఫర్డ్ పేరిట జేన్ స్టాన్‌ఫర్డ్ మార్గంగా మార్చారు.

వెళ్లదలచిన తెలుగువారికి ఒక మాట: ఉత్సవం శుక్రవారం సాయంత్రం మొదలై ఆదివారం దాకా సాగుతుంది, ప్రవేశం ఉచితం. శనివారం గ్రాండ్ ఎంట్రీకి ముందే చేరుకోండి, మడత కుర్చీ తీసుకెళ్లండి, ఎవరినైనా ఫోటో తీయాలనుకుంటే ముందు అడగండి.