ఫిట్‌నెస్ పాసైన నెలకే చలానా

మా బొలెరోకి 15 ఏళ్లు నిండాయి. ఆర్సీ రెన్యువల్‌కి 5,000 కట్టి, స్లాట్ రోజున బండి తీసుకెళ్లాను. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు చాసిస్ నంబరు, లైట్లు, హారన్, బ్రేకులు చూశారు. పెద్ద ఇబ్బందేం లేదు. మరో అయిదేళ్లకి ఆర్సీ చేతికొచ్చింది.

ముందు స్టీలు గార్డు, దాని మీద రెండు అదనపు లైట్లు ఆ రోజూ బండికే ఉన్నాయి. ఆయన ఒక్క మాట అనలేదు. గార్డు బిగించిన షాపువాడు అప్పట్లోనే "ఫిట్‌నెస్ పాసైతే ఇక మిమ్మల్ని అడిగేవాడు లేడండీ" అన్నాడు. నమ్మాను.

నెల తిరక్కుండానే కొత్త వియ్యంకుల్ని ఎక్కించుకుని అన్నవరం వ్రతానికి బయల్దేరాం. హైవే మీద తనిఖీ. ఆఫీసరు గార్డు మీద చెయ్యేసి, "ఇది కంపెనీది కాదు కదండీ?" అన్నారు. నేను ధీమాగా ఆర్సీ తీసి, "పోయిన నెలే పాసైంది సార్" అన్నాను.

"పాసైంది బండి కండిషను. దీనికి పర్మిషన్ ఎక్కడుంది?"

నోట మాట రాలేదు. వాదించబోయాను. ఆయన గొంతు పెంచలేదు, నా గొంతే పెరిగింది. వెనక సీట్లో వియ్యంకుడు గారు దిగి వచ్చి, "బావగారూ, కట్టేద్దాం, ముహూర్తం దాటిపోతుంది" అంటూ జేబులో చెయ్యి పెట్టారు. పిల్లనిచ్చిన ఇంటివాళ్ల ముందు, నడిరోడ్డు మీద! డబ్బు నేనే కట్టాను. కానీ అన్నవరం కొండెక్కేదాకా తల ఎత్తలేకపోయాను.

మర్నాడే ఆర్టీఏ ఆఫీసుకెళ్లి అడిగాను. అక్కడ ఒక పెద్దాయన ఓపిగ్గా చెప్పారు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో దీన్నే గట్టిగా చెప్పింది. గార్డుల సంగతైతే, అవి బిగించకుండా చూడమని 2017 డిసెంబరులోనే కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకి రాసింది. 2019 సవరణ తర్వాత యజమానికి ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఎల్పీజీ, సీఎన్జీ కిట్టు లాంటివి కుదురుతాయి, కానీ ఆమోదం ఉన్న కిట్టు పెట్టించి ఆర్సీలో ఇంధనం మార్పించుకోవాలి.

మరి ఆ రోజు ఇన్‌స్పెక్టరు ఎందుకు చెప్పలేదు? ఇప్పటికీ నా కోపం అక్కడే ఉంది. "ఇది తీసేసి రా" అనుంటే అప్పుడే పీకించేవాణ్ణి. అద్దాల నల్ల ఫిల్మ్ 2012లో సుప్రీంకోర్టు వద్దనగానే మా వీధిలో అందరికంటే ముందు తీయించింది నేనే. చెబితే వినే మనిషిని.

మీ బండికి కంపెనీ తర్వాత ఏం తగిలించినా, ఆర్సీ పట్టుకుని ఆఫీసులోనే అడగండి. షాపువాణ్ణి అడక్కండి, వాడు అమ్ముకునేవాడు. ఇంకొకటి కూడా ఆ పెద్దాయనే చెప్పారు. ఆ గార్డు ఎదురొచ్చిన మనిషికి తగిలితే బంపరులా నలగదు, దెబ్బంతా మనిషి మీదే పడుతుంది. మా వీధి పిల్లలు సైకిళ్ల మీద బండికి అడ్డంగా దూసుకుపోవడం గుర్తొచ్చి ఒళ్లు జలదరించింది.

నిన్న మెకానిక్ షెడ్డులో గార్డు, లైట్లు రెండూ విప్పించాను. టైర్లు కూడా కంపెనీ సైజు కంటే వెడల్పున్నవే. సోమవారం వాటి సంగతి అడగడానికి మళ్లీ ఆఫీసుకి వెళ్తున్నాను.