ఎస్‌పీ రోడ్డు కార్డులు, పీణ్య బోర్డులు

అనంతపురం నుంచో ఒంగోలు నుంచో బెంగళూరొచ్చి ఎంబెడెడ్ లినక్స్ (చిన్న బోర్డుల మీద నడిచే లినక్స్) పనిలో చేరినవాళ్లకు తొందరగానే తగిలే పని ఇది: నడుస్తున్న బోర్డులోంచి ఎస్‌డీ కార్డు తీసి, దాని ఇమేజ్‌ని, అంటే కార్డు మొత్తానికి నకలు ఫైలుని, మిగతా బోర్డులన్నిటికీ ఎక్కించడం. ‘డీడీ (ఉన్నదున్నట్టు నకలు తీసే లినక్స్ కమాండ్) కొట్టేస్తే సరి’ అంటారు. సరిపోదు.

అట్ట మీద 32 జీబీ అంటే 3,200 కోట్ల బైట్లు, అంటే లినక్స్ లెక్కలో సుమారు 29.8 జీఐబీ (1,024ల లెక్కన కొలిచే జీబీ). కంపెనీని బట్టి కొన్ని ఎంబీలు అటూఇటూ ఉంటాయి. బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్‌పీ రోడ్డులో కొన్న ఒక లాటు కార్డు మీద తీసిన ఇమేజ్ ఇంకో లాటులో చివర చోటు చాలక ఆగిపోవచ్చు. (నకిలీల గొడవ వేరే. లాటుకు రెండు కార్డులైనా ఎఫ్3 అనే పరీక్ష టూల్‌తో నిండా రాసి చదివించండి.)

కాబట్టి ఇమేజ్‌ని కార్డు సైజుకు కాదు, లోపలి సరుకు సైజుకు కట్టాలి. కార్డుని మౌంట్ చేయకుండా ఈ2ఎఫ్‌ఎస్‌సీకేతో ఫైల్‌సిస్టమ్ తప్పులు సరిచూసి, రీసైజ్2ఎఫ్‌ఎస్‌తో ముందు ఫైల్‌సిస్టమ్‌ని, తర్వాతే దాన్ని పట్టి ఉంచే పార్టిషన్‌ని (కార్డులో గీసిన భాగాన్ని) కుదించండి. వరస తిరగబడితే ఫైల్‌సిస్టమ్ తోక తెగుతుంది. మరీ పిండెయ్యకుండా 300 ఎంబీ దాకా వదిలితే మొదటి బూట్‌లో లాగ్‌లకు ఇబ్బంది ఉండదు. ఖాళీ చోటుని సున్నాలతో నింపే జీరోఫ్రీ నడిపాక, ఎక్స్‌జెడ్ కంప్రెషన్ ఇమేజ్‌ని బాగా కుదిస్తుంది.

మొదటి బూట్‌లో గ్రోపార్ట్ అనే టూల్ పార్టిషన్‌ని కార్డు నిండా పెంచుతుంది, రీసైజ్2ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్‌ని పెంచుతుంది. ఎక్స్‌టీ4 రకం ఫైల్‌సిస్టమ్ మౌంట్ అయి ఉండగానే పెరుగుతుంది. అసలు చిక్కు ఈ రెంటి మధ్య కరెంటు పోతే. మళ్లీ బూట్ అయినప్పుడు పెంచడానికేమీ లేదంటూ గ్రోపార్ట్ ఎగ్జిట్ కోడ్‌గా 1 తిరిగిస్తుంది. అది ఎర్రర్ కాదు, ఎర్రరైతే 2. స్క్రిప్టులో ‘సెట్ మైనస్ ఈ’ (సున్నా కాని కోడ్ వస్తే ఆగిపొమ్మనే ఆదేశం) ఉంటే మాత్రం అక్కడే చచ్చిపోతుంది, ఫైల్‌సిస్టమ్ ఇక పెరగదు. 1ని సరేనని దాటించండి. ‘పూర్తయింది’ అనే గుర్తు ఫైలుని అన్నిటికంటే చివర రాయండి.

ఇమేజ్ తీసేముందు మెషీన్-ఐడీ ఫైలుని (బోర్డు గుర్తింపు సంఖ్య ఉండేది) ఖాళీ చేయాలి, ఎస్‌ఎస్‌హెచ్ హోస్ట్ కీలు (దూరం నుంచి లాగిన్ అయ్యేవాళ్లకు బోర్డుని గుర్తుపట్టించేవి) తీసేసి మొదటి బూట్‌లో కొత్తవి పుట్టించాలి. ఐడీ ఒకటే అయితే, నెట్‌వర్క్‌కి సిస్టమ్‌డీ-నెట్‌వర్క్‌డీ వాడే బోర్డులన్నీ ఐపీ అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ దగ్గర ఒకే మనిషిలా నిలబడి ఒకే ఐపీ కోసం కొట్టుకుంటాయి. రాస్‌బెర్రీ పై 4లో బ్యాటరీ గడియారం లేదు. టైమ్ సింక్ కాకముందే హెచ్‌టీటీపీఎస్ పిలిస్తే సర్టిఫికెట్ చెల్లదంటుంది.

బెంగళూరు పారిశ్రామికవాడ పీణ్యలో బోర్డుల్లో కార్డులు పెట్టే ఆపరేటర్‌కి కన్నడం రావచ్చు, హిందీ రావచ్చు. మీ తెలుగు మాటలూ, ఇంగ్లిష్ లాగ్ మెసేజ్‌లూ అక్కడ పనికిరావు. పని నడుస్తుంటే ఎల్‌ఈడీ మిణుకుమనాలి, అయ్యాక ఆగకుండా వెలగాలి, చెడితే వేగంగా కొట్టుకోవాలి.