ఆదివారం విన్న వాక్యం గురువారానికి ఎక్కడికి పోతుంది?

సండే స్కూల్లో కంఠత వాక్యం (నోటికి నేర్చుకునే బైబిల్ వచనం) అంటే మా దగ్గర ఒకటే పద్ధతి, టీచరమ్మ చెప్తుంది, పిల్లలంతా గట్టిగా పదిసార్లు అంటారు, అయిపోయింది. వచ్చే ఆదివారం అడిగితే ఒక్కడు చెయ్యెత్తడు. ఫోన్లతో పాడైపోయారు, భక్తి లేదు అంటారు పెద్దోళ్ళు. భక్తి సంగతి కాదండీ ఇది, మెదడు పనిచేసే తీరే అంత.

2006లో రోడిగర్, కార్పికీ అని ఇద్దరు సైకాలజిస్టులు అమెరికాలో కాలేజీ స్టూడెంట్స్‌తో ఒక ప్రయోగం చేశారు. ఒకే పాఠాన్ని కొందరు నాలుగు విడతలు చదివారు, ఇంకొందరు ఒక్క విడత చదివి మిగతా మూడు విడతలూ చూడకుండా గుర్తు తెచ్చుకుని రాశారు. ఐదు నిమిషాలకి అడిగితే చదివినోళ్ళదే పైచేయి, వారం తర్వాత అడిగితే మాత్రం వాళ్ళకి 40 శాతం, రాసినోళ్ళకి 61 శాతం గుర్తుంది. తమాషా ఏంటంటే మాకు బాగా గుర్తుంటుంది అని ముందు ధీమాగా చెప్పింది చదివినోళ్ళే! ప్రసంగం అయ్యాక "వాక్యం చాలా బాగుందయ్యగారూ" అని మనం అనేది కూడా ఆ ధీమానే అని నా అనుమానం.

బైబిల్లో ద్వితీయోపదేశకాండం 6వ అధ్యాయంలో చూడండి, ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు పిల్లలతో మాట్లాడమని ఉంది. వారానికో గంట అని లేదు. 119వ కీర్తన 176 వచనాలూ హెబ్రీ అక్షరమాల వరసలో, అక్షరానికి ఎనిమిది చొప్పున ఉంటాయి, మన బైబిల్లో ఆలెఫ్, బేత్ అని పైన వేసేది అందుకే. నోటికి రావాలని రాసినట్టే ఉంటుంది నాకైతే.

మా గృహ కూడికలో (ఇంట్లో పెట్టుకునే ప్రార్థన కూటంలో) ఇప్పుడు ముందు బైబిళ్ళు మూసి, పోయిన వారం ఏం విన్నాం అని అడుగుతున్నాం. మొదట అందరూ చాప వైపు చూస్తారు, తర్వాత ఒకరు సగం చెప్తే ఇంకొకరు అందుకుంటారు, చదువు రాని ఒక మామ్మగారు మాత్రం పేర్లతో సహా కథ మొత్తం చెప్పేస్తారు, ఆవిడకి పేజీ తిప్పి చూసుకునే వీలు ఎప్పుడూ లేదు కదా మరి.

బైబిల్ కాలేజీల్లో కూడా నోట్సు డిక్టేషన్ తగ్గించి ఇలా అడిగితే బాగుంటుంది. అయితే గుర్తుండడం వేరు, మారడం వేరు. ప్రేమ గురించి చెప్పే మొదటి కొరింథీ 13వ అధ్యాయం గడగడా అప్పజెప్పి బయటికి రాగానే తమ్ముణ్ణి మొట్టే పిల్లాణ్ణి చూస్తూనే ఉన్నాం. అందుకే రెండో ప్రశ్న కూడా పెట్టాం, ఈ వారం అది ఎక్కడ పనికొచ్చింది అని. దీనికి మాత్రం మామ్మగారితో సహా అందరూ ఆలోచనలో పడతారు.