మావోళ్ళని మాకిచ్చేయండి అని అడిగేటోడు ఉండాల

అమెరికావాళ్ళ గ్వాంటనామో జైల్లో 12 మంది కువైటోళ్ళు ఉండేవాళ్ళన్న సంగతి మా కడపలో చానామందికి తెలీదు, కువైటు గురించి మాకు తెలియంది అంటూ ఏమీ లేకపోయినా. దినార్ రేటు తెలుసు, అఖామా, అంటే అక్కడ ఉండే పర్మిట్, దాని రెన్యువల్ తెలుసు, ఎవురి కఫీల్, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకునే యజమాని, మంచోడో ఎవురి కఫీల్ జీతం ఎగ్గొడతాడో కూడా ఇక్కడ కూర్చునే చెప్పేస్తారు. ఇది మాత్రం నాకు ఈమధ్య వేరే ఏదో చదువుతా ఉంటే తగిలింది, తగిలినాక ఇంక వదల్లేదు, రాత్రిళ్ళు అదే పని, ఇంట్లో తిట్లు కూడా.

సంగతి ఏందంటే, 2002 జనవరి 11న అమెరికా క్యూబాలో ఉన్న తన నేవీ బేస్‌లో ఆ జైలు తెరిచింది. టెర్రరిస్టులని అనుమానం మీద పట్టుకున్నోళ్ళని, మొత్తం మీద సుమారు 780 మందిని అక్కడ పెట్టినారు. చానామంది మీద కేసూ లేదు, చార్జిషీటూ లేదు. కేసే లేనోడిని వదలాలంటే ఏముంది, విమానం ఎక్కిస్తే సరిపాయె కదా అనుకుంటాం, అక్కడే ఉంది తిరకాసంతా. వాడి సొంత దేశం తీసుకుంటాం అని ఒప్పుకోవాల, ఒప్పుకుంటే చాలదు, వీడి పాస్‌పోర్టు మా దగ్గర పెట్టుకుంటాం, దేశం దాటనీయం, మీద ఒక కన్నేసి ఉంచుతాం, మీకు సమాచారం ఇస్తాం అని హామీలియ్యాల. అమెరికా ఇంకో హామీ కూడా అడగాల, తీసకపోయి మీరు వీడ్ని చిత్రహింస పెట్టరు కదా అని. ఇవన్నీ మూసిన తలుపుల వెనకాల, ఏండ్ల తరబడి.

కువైటోళ్ళ తరపున మొదట కదిలింది ప్రభుత్వం కాదు, ఒక తండ్రి. ఖాలిద్ అల్ ఔదా అని కువైట్ ఎయిర్‌ఫోర్స్‌లో పైలట్‌గా చేసి రిటైరైన పెద్దమనిషి, కొడుకు ఫౌజీ లోపల ఉండాడు. మిగతా కుటుంబాలందర్నీ కూడగట్టి కమిటీ పెట్టి అమెరికాలో పెద్ద లాయర్లని పెట్టుకున్నాడు. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది, 2004 జూన్‌లో కోర్టు ఈ ఖైదీల పిటిషన్లు అమెరికా కోర్టులు వినొచ్చని చెప్పింది. 2005 జనవరిలో మొదటి మనిషి ఇల్లు చేరినాడు, ఆ నవంబర్‌లో ఇంకో 5 మంది, 2006లో ఇద్దరు.

ఆ తర్వాత ఆగిపోయింది. దానికి తోడు 2005లో వచ్చిన ఆ ఐదుగురిలో ఒకడు, కువైట్ కోర్టు నిర్దోషి అని వదిలేసినోడు, 2008లో ఇరాక్ పోయి మోసుల్‌లో ఆత్మాహుతి దాడి చేసినాడు. మనుషులు చచ్చిపోయినారు. కాబట్టి అమెరికావాళ్ళ భయం ఉత్త నాటకం అనేటోళ్ళతో నేను ఒప్పుకోను. కానీ ఒకడు చేసిన దానికి ఇంకా గ్వాంటనామోలోనే ఉన్న నలుగురి లెక్క కూడా వాడి ఖాతాలోనే రాసినారు చూడండి, అది మాత్రం అన్యాయమే.

2010లో వికీలీక్స్ బయటపెట్టిన కేబుల్స్‌లో, అంటే అమెరికా రాయబారులు తమ ప్రభుత్వానికి పంపిన రహస్య సందేశాల్లో, ఒకటుంది. 2009 ఫిబ్రవరిలో అమెరికా రాయబారి పోయి, మీ వాళ్ళు తిరిగొస్తే ఏం చేస్తారు, ఎట్ల కట్టడి చేస్తారు అని కువైట్ హోం మంత్రిని అడిగితే ఆయన ఏమన్నాడో తెలుసునా, ఆఫ్ఘనిస్తాన్‌లో పట్టుకున్నారు కదా, తీసకపోయి ఆడనే యుద్ధం మధ్యలో వదిలేయండి అన్నాడు. బయటికేమో మా బిడ్డల్ని మాకియ్యండి అంటా ఉండారు, గదిలో ఈ మాట! అదే ఏడాది సౌదీ రాజు అబ్దుల్లా ఇంకో ఐడియా ఇచ్చినాడు, గుర్రాలకీ డేగలకీ పెట్టినట్టు వీళ్ళ ఒంట్లో చిప్ పెడదాం అని. ఎదురుగా కూర్చున్న ఒబామా సలహాదారు బ్రెన్నన్, గుర్రాలకి మంచి లాయర్లు ఉండరు కదా అన్నాడంట.

మా వీధిలో కువైట్లో డ్రైవర్‌గా చేసొచ్చిన ఒక మామ ఉండాడు, ఆయనకి ఇది చెప్పినా. "సొంత మనిషైతే వాళ్ళు యాడికైనా పోతార్రా అబ్బాయ్, ఆ మంత్రి మాట వదిలెయ్" అన్నాడు. తర్వాత జరిగింది చూస్తే మామ మాటే నిజమైంది. సెంట్రల్ జైల్లోనే పునరావాస కేంద్రం కట్టినారు, మావోళ్ళని ఇయ్యండని అమెరికాని అడగతానే ఉన్నారు. 2009లో ఇద్దరు, 2014 నవంబర్‌లో ఫౌజీ, వచ్చినాక కనీసం ఏడాది ఆ కేంద్రంలోనే ఉండాలన్న షరతు మీద. 2016 జనవరిలో ఆఖరోడు. పన్నెండుమందీ ఇల్లు చేరినారు.

ఇది చదువుతా ఉంటే నాకు 2018 గుర్తొచ్చింది, కువైట్ ఆమ్నెస్టీ ఇచ్చిన ఏడాది. అఖామా అయిపోయినోళ్ళు జరిమానా లేకుండా పోవచ్చన్నారు. మా బంధువుల్లో ఒకామె ఇంటిపనికి పోయి ఆ ఇల్లు వదిలి బయటికొచ్చేసింది, పాస్‌పోర్టు సేటు దగ్గర. పాస్‌పోర్టు లేనోళ్ళు ఇంటికి రావడానికి ఎంబసీ ఇచ్చే కాగితం, అవుట్‌పాస్, కావాలంటే ఈమె ఇండియామె అని చూపించాల. ఆమె మొగుడు ఇక్కడ ఒక ప్లాస్టిక్ కవర్లో పాత వీసా జిరాక్సు, రేషన్ కార్డు, అంచులు నలిగిపోయిన పెండ్లి ఫోటో పెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగినాడు, ఫోటో ఎందుకన్నా అంటే ఏమో అడుగుతారేమో అనేటోడు. ఆమె ఏ తప్పూ చేయలేదు, ఎవురికీ ఆమె మీద అనుమానం కూడా లేదు, అయినా అంత తిరగాల్సొచ్చింది. ఆమె కోసం వాషింగ్టన్లో లాయరా పాడా.

యెమెన్ వాళ్ళ కథ ఇంకా ఘోరం. 2009 క్రిస్మస్ రోజు యెమెన్‌లో ట్రైనింగ్ తీసుకున్న నైజీరియా కుర్రోడు విమానంలో బాంబు పేల్చబోయినాడు, వెంటనే 2010 జనవరిలో ఒబామా యెమెన్‌కి పంపడమే ఆపేసినాడు. జైల్లో ఉన్నోళ్ళకి ఆ కుర్రోడు ఎవురో కూడా తెలీదు. పంపొచ్చు అని పేపర్ మీద ఓకే అయినోళ్ళు కూడా ఏండ్లు ఏండ్లు ఆడనే. ఆ తర్వాత యెమెన్‌లో యుద్ధం, ఇంక హామీ ఇయ్యడానికి గవర్నమెంటే సరిగా లేదు. దాంతో పక్కదేశం ఒమన్‌ని బతిమాలుకున్నారు. 2023 అక్టోబర్‌లో 11 మందిని తీసకపోవడానికి మిలిటరీ విమానం రన్‌వే మీద రెడీగా ఉంటే, హమాస్ దాడి తర్వాత అమెరికా పార్లమెంటులో గొడవై ఆపేసినారు. ఆ 11 మంది మళ్ళీ 2025 జనవరిలో గానీ కదల్లేదు.

వీగర్ ముస్లింలు 22 మందిది దీనికి తిరగబడిన కథ. వాళ్ళ దేశం చైనా మాకియ్యండి మాకియ్యండి అని అడిగింది, ఇస్తే హింస పెడతారని అమెరికానే ఇయ్యలేదు. ఊరూరా అడుక్కుని అల్బేనియా, బెర్ముడా, పలావు దీవులు, స్విట్జర్లాండ్ అట్ల పంచినారు. బెర్ముడా బ్రిటన్ కింద ఉంది, మమ్మల్ని అడగకుండా ఎట్ల పంపినారు అని బ్రిటన్ అలిగింది కూడా.

హామీలంటే మనకి కొత్తేం కాదులే. ముంబై పేలుళ్ళ కేసులో అబూ సలేంని 2005లో పోర్చుగల్ మనకిచ్చే ముందు ఉరి వేయం, 25 ఏండ్లకి మించి లోపల పెట్టం అని మనోళ్ళు రాసిచ్చినారు. 2022లో మన సుప్రీంకోర్టు ఆ మాట నిలబెట్టుకోవాల్సిందే అంది. అంత పెద్ద కేసులో కూడా రాసిచ్చిన కాగితానికి విలువుందంటే, నా వరకైతే అది మంచిదే, రేపు ఇంకొకణ్ణి అడగాలంటే మన మాట చెల్లాల కదా.

2025 జనవరి నాటికి గ్వాంటనామోలో మిగిలింది 15 మంది. పంపొచ్చని తేల్చినా ఉండిపోయినోళ్ళు ముగ్గురు. ఒకడిది లిబియా, ఒకడిది సోమాలియా, ఆ రెండు దేశాలకీ పంపకూడదని అమెరికా చట్టమే ఉంది. మూడోవాడు ఏ దేశమూ లేని రోహింగ్యా. మామకి ఇది కూడా చెప్పినా, "మరి వాడికి అవుట్‌పాస్ ఎవురిస్తారబ్బా?" అన్నాడు.

2005, 2006 టైంలో కువైట్లో ఉన్న మనోళ్ళు ఎవురైనా ఉంటే చెప్పండి, అప్పుడు మీ సేట్లు దివానియాల్లో, అంటే మగోళ్ళు కూర్చుని కబుర్లు చెప్పుకునే గదుల్లో, దీని గురించి మాట్లాడుకునేటోళ్ళా? మామకి మాత్రం ఏం గుర్తు లేదంట, ఆయన ఆ టైంలో బయట కార్లో కూర్చుని ఏసీ వేసుకుని నిద్రపోయేటోడు.